పలుకని పసివాడు, వినే మెదడు

మూడేండ్ల బాలుడొకడు వసారాలో కూర్చుండి డబ్బా మూతను గిరగిర తిప్పుకొంటూ ఉంటాడు. తల్లి వెనుక నుండి పేరు పెట్టి పిలుస్తుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పిలిచినా బాలుడు తల తిప్పడు. ఇంతలో వంటింట్లో ఎవరో బిస్కెట్ల పొట్లం విప్పుతారు. ఆ చిన్న చప్పుడుకు వాడు చటుక్కున లేచి పరుగు తీస్తాడు. చెవులు పనిచేస్తున్నవని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. అప్పుడు ఇరుగుపొరుగు వారికి తోచే సమాధానాలు రెండే. ఒకటి, పిల్లవాడు మొండివాడు. రెండవది, తల్లి పెంపకంలో ఏదో లోపమున్నది.

ఆ పిల్లవానికి ఆటిజం ఉన్నట్లయితే ఈ రెండు సమాధానాలూ తప్పే. చెవిని తాకిన ధ్వని మాటగా మారేది చెవిలో కాదు, మెదడులో. ఆటిజం గల చిన్నారులలో ఆ పని వేరొక దారిన, తరచుగా నెమ్మదిగా సాగుతుంది. ఈ సంగతి తెలియక మొదట వినికిడి పరీక్ష, తరువాత నింద, ఆ తరువాత మౌనం అనే క్రమంలో విలువైన ఏండ్లు గడిచిపోతున్నవి. బదులు చెప్పని బిడ్డతో మాట్లాడడం పెద్దలు క్రమంగా తగ్గించివేస్తారు. మాట అవసరం అందరికన్న ఎక్కువగా ఉన్న బిడ్డకే మాట కరవవుతుంది. ఈ ప్రసంగం ఉద్దేశించినది ఆ నష్టాన్ని గురించే.

పసిమెదడు భాషను పట్టుకొనే తీరు

ఆటిజం గల శిశువు మెదడును గురించి తెలుసుకొనే ముందు, సామాన్యంగా శిశువు మెదడు భాషను ఎట్లా పట్టుకొంటుందో చూడడం అవసరం. ఈ విషయంలో శాస్త్రజ్ఞులకు దారి చూపిన ప్రసిద్ధ పరిశోధనలలో ఒకదానికి భారతీయ భాష ఆధారం కావడం విశేషం.

కెనడా దేశపు వాంకూవర్ నగరంలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ఒక అధ్యయనం ప్రకటించారు. హిందీలోని దంత్యమైన తకారానికీ, మూర్ధన్యమైన టకారానికీ గల భేదాన్ని వారు ఆంగ్లం మాట్లాడే ఇండ్లలోని శిశువులకు వినిపించారు. ఆంగ్లంలో ఈ భేదం లేదు. అయినప్పటికీ ఆరు నుండి ఎనిమిది నెలల శిశువులు దానిని సులభంగా గుర్తించారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో చాలామందిలో ఆ శక్తి సన్నగిల్లింది. హిందీ ఇండ్లలో పెరిగే శిశువులలో మాత్రం అది నిలిచి ఉన్నది. తెలుగు బిడ్డకు 'మాట' వేరు, 'మాత' వేరు. 'పాట' వేరు, 'పాత' వేరు. అంటే తొలి పుట్టినరోజు రాకమునుపే మెదడు తన ఇంటి భాష ధ్వనులను ఏరుకొని, మిగిలినవాటిని పక్కకు నెట్టడం ప్రారంభిస్తున్నదన్నమాట.

ఈ ఏరుకోవడం ధ్వని చెవిని పడినంత మాత్రాన జరిగిపోయేది కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో పాట్రీషియా కూల్ బృందం 2003లో దీనిని నిరూపించింది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా దేశపు మాండరిన్ భాషను వినిపించారు. కొందరికి ఒక మనిషి ఎదుట కూర్చుండి ఆడిస్తూ, పుస్తకం చూపుతూ మాట్లాడారు. మరికొందరికి అదే మాటను తెర మీద చూపారు. మనిషి నుండి విన్నవారు మాండరిన్ ధ్వనుల భేదాన్ని నేర్చుకొన్నారు. తెర నుండి విన్నవారు నేర్చుకోలేదు. భాషకు ద్వారం తెరిచేది ధ్వని ఒక్కటే కాదు. ఎదుటి ముఖం, చూపు, స్పందన కూడా ఆ ద్వారాన్ని తెరుస్తాయి.

తల్లులు ఈ రహస్యాన్ని ఏ ప్రయోగశాలకూ పోకుండానే ఎరుగుదురు. బిడ్డతో మాట్లాడేటప్పుడు గొంతు సాగుతుంది, రాగం హెచ్చుతుంది, మాట చిన్నదవుతుంది. అన్నం 'బువ్వ' అవుతుంది. స్నానం 'లాల' అవుతుంది. ఛార్లెస్ ఫెర్గూసన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 1964లో మన మరాఠీతో సహా ఆరు భాషలలోని లాలన భాషను పోల్చి చూచి, వాటిలో పోలికలు ఎన్నో ఉన్నవని చూపాడు. ఏ దేశంలోనైనా పసివారి చెవి ఈ లాలన భాష వైపే మొగ్గు చూపుతుంది.

మెదడులో భాషకు ప్రత్యేకమైన చోటు కూడా ఉన్నది. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే చేసిన పరిశీలనల వలన, చాలామందిలో భాషకు ముఖ్యస్థానం మెదడు ఎడమ భాగమని తెలిసింది. మాటల అర్థాన్ని గ్రహించే ప్రాంతం ఎడమ కణతకు లోపలి వైపున ఉంటుంది. ఫ్రాన్సులో 2002లో ప్రకటితమైన పరిశోధన ప్రకారం మూడు నెలల శిశువు మెదడు సైతం మాట వినగానే ఎడమవైపున ఎక్కువగా స్పందిస్తుంది. పొలంలో నీటికి కాలువ ముందే గీసి ఉన్నట్లు, భాషకు ఎడమవైపు దారి పుట్టుకతోనే కొంత సిద్ధంగా ఉంటుంది. అనుదినం వినే మాటలు ఆ కాలువను లోతు చేస్తూ పోతాయి.

పదకొండుమంది పిల్లలు

1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే బాలమనోవైద్యుడు 11మంది పిల్లలను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. ఆటిజం అనే పేరు వైద్యలోకంలో స్థిరపడడానికి ఆ వ్యాసమే మూలం. ఆ 11మందిలో ఎనిమిదిమందికి మాటలు వచ్చాయి, ముగ్గురికి రాలేదు. మాటలు వచ్చినవారు సైతం వాటిని ఇతరులతో సంభాషించడానికి అంతగా ఉపయోగించలేదు. విన్న వాక్యాన్ని విన్నట్లే తిరిగి పలికేవారు. తమను 'నేను' అనడానికి బదులు 'నువ్వు' అనేవారు.

ఈ స్థితి పుట్టుకతో వచ్చినదై ఉండాలని కానర్ ఆ వ్యాసంలోనే సూచించాడు. దురదృష్టవశాత్తు తరువాతి రెండు దశాబ్దాలలో వేరొక వాదం బలపడింది. తల్లి ప్రేమ చూపకపోవడం వలననే బిడ్డ తనలో తాను ముడుచుకొనిపోతున్నదని ఆ వాదం. బ్రూనో బెటెల్‌హైం 1967లో ప్రచురించిన గ్రంథం దానికి ఎంతో ప్రచారం కల్పించింది. లెక్కలేనంతమంది తల్లులు చేయని నేరానికి తలవంచుకొన్నారు. ఈ వాదాన్ని 1964లోనే ఎదిరించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ స్వయంగా ఆటిజం గల బాలునికి తండ్రి. 1977లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో నాలుగింట కవలలిద్దరికీ ఆటిజం ఉన్నది. వేర్వేరు అండాల నుండి పుట్టిన పది జతలలో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. వంశానుగతమైన కారణాలకు ప్రాధాన్యం ఉన్నదని ఆ చిన్న అధ్యయనం చాటింది. తరువాత జరిగిన పెద్ద అధ్యయనాలు దానిని బలపరచాయి. తల్లిని దోషిగా నిలబెట్టే వాదానికి శాస్త్రంలో ఈనాడు చోటు లేదు. వీధులలో, బంధువుల ఇండ్లలో మాత్రం అది ఇంకా వినవస్తూనే ఉన్నది.

నిద్రపోయే బిడ్డకు చెప్పిన కథ

మాట రాని బిడ్డ మాటను ఎట్లా వింటున్నదో కనుగొనడమెట్లా? అడిగితే చెప్పలేదు, కదలకుండా కూర్చోమంటే కూర్చోదు. ఈ చిక్కును పరిశోధకులు తెలివిగా దాటారు. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరంలో ఎరిక్ కూర్షేన్, కరెన్ పియర్స్, లీసా ఐలర్ తదితరులు పిల్లలను రాత్రివేళ సహజంగా నిద్రపుచ్చి, ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, నిద్రలోనే వారి చెవులకు కథ వినిపించారు. నిద్రలో సైతం మెదడు మాటను వింటూనే ఉంటుంది. ఏ ప్రాంతానికి రక్తప్రసారం హెచ్చుతున్నదో యంత్రం చూపుతుంది.

2012లో ప్రకటితమైన ఈ అధ్యయనంలో ఒకటి నుండి నాలుగేండ్ల లోపు పిల్లలు 80మంది ఉన్నారు. వారిలో 40మందికి ఆటిజం ఉన్నట్లు నిర్ధారణ అయింది. సామాన్య శిశువులలో కథ వినగానే ఎడమ కణత ప్రాంతం బాగా మేల్కొన్నది. ఆటిజం గల శిశువులలో ఆ ఎడమవైపు స్పందన బలహీనంగా ఉండి, కుడివైపు మొగ్గు కనిపించింది. అంతకన్న ఆలోచింపదగిన విషయమేమనగా, ఈ తేడా మూడు నాలుగేండ్ల వయసు పిల్లలలో మరింత స్పష్టంగా ఉన్నది. అంటే సామాన్య శిశువులలో రోజురోజుకూ లోతయ్యే కాలువ, వీరిలో తగినంత లోతు కావడం లేదు.

అదే బృందం 2015లో మరొక మెట్టు ఎక్కింది. ఆటిజం గల పిల్లలందరినీ ఒకే గాటకు కట్టకుండా, తరువాతి కాలంలో మాటలు బాగా వచ్చినవారిని, రానివారిని వేరుచేసి, వారి తొలినాటి చిత్రాలను తిరిగి చూచారు. మాటలు బాగా వచ్చినవారిలో కణత ప్రాంతపు స్పందన పసితనంలోనే సామాన్య శిశువుల స్పందనకు దగ్గరగా ఉన్నది. రానివారిలో అది చాలా మందకొడిగా ఉన్నది. ఆటిజం అనే ఒక్క పేరు కింద ఒక్క మెదడు లేదు. పలు మెదళ్ళు ఉన్నాయి.

మాట కన్న చప్పుడు మేలా?

సియాటిల్ బృందం 2005లో వేరొక కోణం నుండి ఈ ప్రశ్నను పరిశీలించింది. పిల్లలకు రెండు విధాల ధ్వనులను ఎన్నుకొనే అవకాశమిచ్చారు. ఒకటి తల్లులు పలికే లాలన భాష. రెండవది అదే ఎత్తుపల్లాలతో యంత్రం చేసిన ధ్వని. అందులో మాట లేదు. సామాన్య శిశువులకు భిన్నంగా, ఆటిజం గల పిల్లలు మొత్తం మీద మాట లేని ధ్వని వైపు మొగ్గారు. అదే పిల్లల తలపై విద్యుత్ సంకేతాలను గ్రహించే సాధనాలుంచి, ఒకే అక్షరాన్ని పలుమార్లు వినిపిస్తూ నడుమ వేరొక అక్షరాన్ని చొప్పించారు. సామాన్యంగా మెదడు ఆ మార్పును ఇట్టే పసిగడుతుంది. మాట లేని ధ్వనిని కోరిన పిల్లల మెదడులో ఆ గుర్తింపు కానరాలేదు. ఆటిజం ఉండి కూడా లాలన భాషను కోరిన పిల్లలలో మాత్రం అది కనిపించింది. మాట మీది ఇష్టానికీ, అక్షరభేదాన్ని గుర్తించడానికీ నడుమ గట్టి సంబంధమున్నదని దీనివలన తేలింది. బిస్కెట్ల పొట్లం చప్పుడుకు లేచి, తల్లి పిలుపుకు లేవని బాలుని ప్రవర్తన వెనుక ఏముండవచ్చునో ఇక్కడ కొంత బోధపడుతుంది.

ఇష్టానికి మూలమేమి? కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ ఏబ్రమ్స్, వినోద్ మీనన్ తదితరులు 2013లో బడి వయసు పిల్లలను పరిశీలించారు. మనిషి గొంతును గుర్తించే మెదడు ప్రాంతానికీ, సంతోషాన్ని కలిగించే ప్రాంతాలకూ గల సంబంధం ఆటిజం గల పిల్లలలో బలహీనంగా ఉన్నట్లు కనుగొన్నారు. అమ్మ గొంతు వినడమే ఒక బహుమానంగా తోచే బిడ్డ ఆ గొంతు కోసం ఎదురుచూస్తుంది, విని నేర్చుకొంటుంది. ఆ సంతోషం అందని బిడ్డకు మాట కూడా పంఖా చప్పుడు వంటిదే కావచ్చును.

మరికొందరు పరిశోధకులు కాలాన్ని గురించి ఆలోచించారు. ఫిలడెల్ఫియాలో టిమోతీ రాబర్ట్స్ బృందం మెదడు వెలువరించే అతి సూక్ష్మమైన అయస్కాంత సంకేతాలను కొలిచింది. ధ్వని చెవిని పడిన తరువాత సెకనులో పదవ వంతు కాలానికి మెదడు శ్రవణ ప్రాంతంలో ఒక సంకేతం పుడుతుంది. ఆటిజం గల పిల్లలలో ఈ సంకేతం సెకనులో సుమారు నూరవ వంతు ఆలస్యమవుతున్నదని 2010లో వారు తెలిపారు. ఇది కంటిరెప్ప పాటు కన్న ఎంతో తక్కువ కాలం. కాని పకారానికీ బకారానికీ గల భేదం తేలేది కూడా అటువంటి స్వల్పకాలంలోనే. ఒక అక్షరం అందేలోగా మరొక అక్షరం వచ్చిపడుతూ ఉంటే, వేగంగా పలికిన వాక్యం ఆ బిడ్డకు కలగాపులగంగా వినిపించే అవకాశమున్నది.

సంతోషం లేకపోవడం వలన మాట పట్టుబడడం లేదా, మాట పట్టుబడకపోవడం వలన సంతోషం కలగడం లేదా? ఈ వివాదం ఇంకా తీరలేదు. రెండూ ఒకదానినొకటి పెంచుతూ ఉండవచ్చునని తలచేవారు ఎక్కువ. ఒక విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు: ఇవి సగటు ఫలితాలు. ఒక్కొక్క బిడ్డ భవిష్యత్తును ఇటువంటి చిత్రాలను చూచి నిర్ణయించే స్థితి ఈనాటికీ రాలేదు. ఆటిజం నిర్ధారణకు ఆధారం నేటికీ యంత్రం కాదు. అనుభవజ్ఞుడైన వైద్యుని పరిశీలన, తల్లిదండ్రులు చెప్పే వివరాలే.

ప్రతిధ్వనిలో అర్థం

'నీకు నీళ్ళు కావాలా?' అని తల్లి అడుగుతుంది. 'నీకు నీళ్ళు కావాలా' అని బాలుడు ప్రతిధ్వనిలా పలుకుతాడు. హిందీ ఇంటిలోనైతే 'పానీ పియోగే?' అన్న ప్రశ్నకు 'పానీ పియోగే' అన్నదే సమాధానం. పెద్దలకిది అర్థం లేని చిలుకపలుకుగా తోస్తుంది. కొందరు వెక్కిరింపని కోపగించుకొంటారు కూడా. ఈ ప్రతిధ్వని భాషణాన్ని మాన్పించాలని పూర్వం చికిత్సకులు సైతం ప్రయత్నించేవారు.

బారీ ప్రిజాంట్, జూడిత్ డకన్ అనే పరిశోధకులు 1981లో ఈ అభిప్రాయాన్ని మార్చారు. పిల్లలు విన్న మాటను తిరిగి పలికిన సందర్భాలను వారు ఓపికగా పరిశీలించగా, దానికి పలు ప్రయోజనాలున్నట్లు తేలింది. కొన్నిసార్లు అది 'ఔను' అనడం. కొన్నిసార్లు కోరడం. కొన్నిసార్లు సంభాషణలో తన వంతు నెరవేర్చడం. మరికొన్నిసార్లు, విన్నదానిని అర్థం చేసుకొనేవరకు చెవిలో నిలుపుకోవడం.

సామాన్య శిశువు మాటలను ఒక్కొక్కటిగా ఏరుకొని వాక్యం కడుతుంది. ఆటిజం గల చిన్నారులలో చాలామంది వాక్యాన్ని ముద్దగా పట్టుకొని, తరువాత ఎప్పుడో దానిని విడదీసుకొంటారు. నీళ్ళు దొరికే సమయంలో వినవచ్చే వాక్యమే నీళ్ళకు పేరవుతుంది. 'నేను', 'నువ్వు' తారుమారు కావడం కూడా ఇట్లాగే కొంతవరకు అర్థమవుతుంది. పలికేవారిని బట్టి మారే ఈ మాటలు పసివారందరికీ మొదట కష్టమే. ప్రతిధ్వనిగా మాట్లాడే బిడ్డ తనను ఇతరులు ఏమని పిలిచారో అదే తన పేరుగా గ్రహిస్తుంది. తెలుగులో క్రియ సైతం 'వస్తాను, వస్తావు, వస్తాడు' అని పురుషను బట్టి మారుతుంది గనుక ఈ తారుమారు మరింత తేటగా వినిపిస్తుంది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ మన దేశపు పిల్లల కోసం 2009లో రూపొందించిన ఆటిజం మాపనంలో 40 అంశాలున్నాయి. ప్రతిధ్వని భాషణం, సర్వనామాల తారుమారు వానిలో చేరినవే.

కనుక ప్రతిధ్వనిని ఆపడం కాదు, దానికి జత కలపడం పెద్దలు చేయవలసిన పని. బాలుడు 'నీకు నీళ్ళు కావాలా' అన్నప్పుడు, 'నాకు నీళ్ళు కావాలి' అని అతని తరఫున నెమ్మదిగా పలికి, వెంటనే నీళ్ళు అందించడం ఒక పాఠం.

ఏ భాషలో మాట్లాడాలి?

మన దేశంలోని వేలాది ఇండ్లలో ఈ సమస్య మరొక రూపం దాలుస్తుంది. ఇంటిలో తెలుగు, పక్కింటిలో హిందీ లేక ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. భిలాయిలోనో, ఖరగ్‌పూరులోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలో బిడ్డకు మాటలు ఆలస్యమైనప్పుడు మొదట వినవచ్చే సలహా ఒకటే: 'ఇన్ని భాషలు వద్దు, ఇంగ్లీషో హిందీయో ఒకటే మాట్లాడండి.' సలహా ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే. కాని దానికి శాస్త్రాధారం లేదు. కెనడాలో 2012లో ప్రకటితమైన అధ్యయనాలు, ఆ తరువాత ఇతర దేశాలలో జరిగినవి, ఆటిజం గల పిల్లలను రెండు భాషలు వినేవారు, ఒకే భాష వినేవారు అని విడదీసి పరిశీలించాయి. రెండు భాషలు వినడం వలన అదనపు ఆలస్యం కలిగినట్లు అవి కనుగొనలేదు.

ఆ సలహా వలన కలిగే నష్టం మాత్రం స్పష్టమైనది. రాని భాషలో తల్లి ఏం లాలిస్తుంది? ఆమె వాక్యాలు ముక్కలవుతాయి, రాగం ఆగిపోతుంది, చివరకు 'కమ్', 'సిట్', 'ఈట్' అనే ఆజ్ఞలు మిగులుతాయి. మనవడితో కబుర్లు చెప్పే నాయనమ్మ నోరు మూసుకొంటుంది. లాలన భాష వైపు మొగ్గడమే కష్టమైన బిడ్డకు ఉన్న కొద్దిపాటి లాలన భాష కూడా దూరమవుతుంది. భాషాద్వారాన్ని తెరిచేది ముఖము, చూపు, స్పందన అయినప్పుడు, అవి సహజంగా వెల్లివిరిసే భాషను ఇంటి నుండి వెళ్ళగొట్టడం ఉన్న ఒక్క తలుపునూ మూసివేయడమే అవుతుంది. తల్లి హృదయం ఏ భాషలో మాట్లాడుతుందో బిడ్డకు ముందుగా అందవలసినది ఆ భాషే. బడి భాషను దానికి తోడు చేయవచ్చును, దాని స్థానంలో పెట్టకూడదు.

గోవా, రావల్పిండి

చిన్నారి మెదడు దారి వేరైనప్పుడు పెద్దల దారి మార్చుకోవచ్చునా? ఈ ప్రశ్నకు దక్షిణాసియా నుండే ఒక సమాధానం వచ్చింది. మన గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను ఒకే పద్ధతిని ఏకకాలంలో పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. రెండు దేశాలలో కలిసి 65మంది పిల్లలు ఇందులో పాల్గొన్నారు. వారి వయసు రెండు నుండి తొమ్మిదేండ్లు. నిపుణులు కొరతగా ఉన్న ఈ ప్రాంతంలో నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి కుటుంబాల వద్దకు పంపారు. తల్లి బిడ్డతో ఆడుకొనే తీరును వీడియో తీసి, తిరిగి ఆమెకే చూపి, ఎక్కడ బిడ్డ పిలుపు గమనింపబడలేదో, ఎక్కడ ఆమె స్పందన బిడ్డకు అందిందో కలిసి పరిశీలించడం ఇందులో ముఖ్యభాగం. ఎనిమిది నెలల తరువాత చూడగా, తల్లిదండ్రులు బిడ్డ ఆసక్తికి అనుగుణంగా స్పందించడం హెచ్చింది. పిల్లలు తమంత తాముగా సంభాషణకు పూనుకోవడం కూడా హెచ్చింది. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న తల్లుల వేదన ఒకటే అయినట్లు, దానికి దొరికిన దారి కూడా ఒకటే అయింది.

ఈ పద్ధతిలోని సారం ఏ ఇంటిలోనైనా ఆచరింపదగినదే. బిడ్డ దేనిని చూస్తున్నదో దానిని గురించే మాట్లాడాలి. మూత తిప్పుతూ ఉంటే మూతను గురించే. వాక్యం చిన్నదిగా, మెల్లగా ఉండాలి. అడిగిన తరువాత వెంటనే మరల అడగకుండా, మనసులో పది లెక్కపెట్టేంత సేపు వేచి ఉండాలి. ఆ నిశ్శబ్దంలో మెదడు పనిచేస్తూ ఉంటుంది. రేడియో, టెలివిజన్, ఫోను మోగుతూ ఉండగా పిలిచిన పిలుపు అందదు. బొమ్మలు, సైగలు వాడితే మాట రాకుండా పోతుందనే భయం అక్కరలేదు; అవి మాటకు ఊతకర్రలే అవుతాయి. అన్నిటికన్న ముందు వినికిడి పరీక్ష తప్పక చేయించాలి. చెవి బాగున్నదని తేలినప్పుడు అక్కడితో ఆగిపోకూడదు. ఏడాది నిండినా పేరుకు పలకకపోయినా, వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా వెంటనే వైద్యుని చూడాలి.

చట్టం కూడా క్రమంగా మేల్కొన్నది. 1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న ఏడు స్థితులలో ఆటిజం లేదు. 1999లో ఏర్పడిన జాతీయ ట్రస్టు చట్టం దానిని పేరు పెట్టి చేర్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 స్థితులలో ఆటిజం ఒకటి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదలలోని ఆలస్యాలను గుర్తించి, జిల్లా కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉన్నది. మైసూరులో 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వాక్చికిత్సకులను తీర్చిదిద్దుతున్నది. అయినా చికిత్సకులు నగరాలలో ఎక్కువ, పల్లెలలో తక్కువ. అందుచేతనే గోవా, రావల్పిండి అనుభవం విలువైనది.

మాట ఆలస్యమైతే మాట ఇక రాదని నిరాశ చెందడం తగదు. అమెరికాలో 2013లో ప్రకటితమైన అధ్యయనం ఒకటి, నాలుగేండ్ల నాటికి భాషలో తీవ్రంగా వెనుకబడిన 535మంది ఆటిజం గల పిల్లల వివరాలను పరిశీలించింది. వారిలో నూటికి 70మంది ఆ తరువాత పదాలు కూర్చి మాట్లాడగలిగారు. నూటికి 47మంది ధారాళంగా మాట్లాడగలిగారు. మిగిలినవారికి మాట రాకపోయినంత మాత్రాన చెప్పవలసినది లేదని కాదు. చిత్రం, సైగ, వ్రాత, యంత్రం వారికి నాలుకలు కాగలవు.

ఎన్నో భాషలు మాట్లాడే వారు ఒకే జాతిగా జీవించడం ఈ దేశానికి కొత్త కాదు. పొరుగువాని భాష రానప్పుడు అతడు మూగవాడని ఎవరూ అనుకోరు. మెల్లగా మాట్లాడుతారు, సైగ చేస్తారు, వేచి ఉంటారు, అతని మాట ఒకటి రెండు నేర్చుకొంటారు. వసారాలో మూత తిప్పే బాలుని పట్ల కూడా అంతపాటి మర్యాద చాలును. తల్లి వెనుక నుండి నాలుగవసారి పిలవడం మాని, వచ్చి ఎదురుగా కూర్చుండి, తానూ ఒక మూతను తిప్పి, 'తిరిగింది' అని ఒక్క మాట అని వేచి ఉండాలి. బదులు ఆనాడే రాకపోవచ్చును. ఆ మాట మాత్రం వినే మెదడునే చేరుతున్నది.